కాలు కింద పెట్టకుండా

కేశ్‌కాల్ ఘాటీలో నాలుగో మలుపు దగ్గర మా కారు ఆగిపోయింది. ముందు లారీలు, వెనక లారీలు, పక్కన కొండ. మా అన్న కొడుకు చింటూ ఇంజను ఆపి, సీటు వెనక్కి వాల్చి, "అత్తా, ఇంక దో ఘంటే పక్కా. నువ్వు ఆరామ్‌గా పడుకో," అన్నాడు. జగ్దల్‌పూర్‌లో పెళ్లికి వెళ్తున్నాం. వాడు భిలాయిలోనే పుట్టి పెరిగాడు, వాడి తెలుగులో సగం హిందీ, మిగతా సగం మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. దిగి రోడ్డు అంచున పిట్టగోడ దాకా నడిచాను. డీజిల్ పొగ, వేడెక్కిన బ్రేకుల వాసన, దాని కింద ఎక్కడో ఇప్పపూల తీపి వాసన. గోడకి తెల్లసున్నం కొత్తగా వేశారు గానీ మలుపు అదే. చింటూ కూడా దిగొచ్చి, "ఏటత్తా, ఏం చూస్తున్నావ్?" అన్నాడు. "ఇక్కడ నేనొకసారి కాలు కింద పెట్టానురా," అన్నాను. వాడు రోడ్డు వైపు చూసి, నా కాలి వైపు చూసి, "తో?" అన్నాడు. అయితే ఏమిటట అని. నిజమే, ఇరవయ్యేళ్లవాడికి అందులో ఏముంది? ఆ 'తో?'కి జవాబుగానే ఇది రాస్తున్నాను.

భిలాయి చదునైన ఊరు. పళ్లెంలో నీళ్లు పోస్తే ఎటూ పోవు, అంత చదును. మేముండేది రిసాలీలో, రెండు గదుల క్వార్టర్లో. నాన్న స్టీలు ప్లాంటులో క్రేను కింద సిగ్నల్‌మాన్. అంటే పైన క్యాబిన్లో కూర్చున్న డ్రైవరుకి కింద ఏముందో కనబడదు కాబట్టి, కింద నిలబడి ఈల ఊది, చేతులతో సైగలు చేసి, టన్నుల బరువుని ఎత్తించి, జరిపించి, దించాల్సినవాడు. ఆ పని ఆయన ఇంటికి కూడా తెచ్చేసుకున్నాడు. మా ఇంట్లో ఏ వస్తువునీ పడేయడానికి వీల్లేదు, దించాలి. గ్లాసు దించాలి, పుస్తకాల సంచి దించాలి, తడిబట్టల బకెట్టు దించాలి. ఠప్పుమని చప్పుడైతే చాలు, లోపలి గదిలోంచి "దించాల! పడీకూడదు!" అని వినబడేది. ఆయన డ్యూటీకి వెళ్లే నల్ల సైకిలు ఒక్కసారైనా నేలమీద పడగా మేము చూడలేదు. గోడకి ఆనించడం కూడా ఆయనకి నచ్చదు, స్టాండు వేయాల్సిందే. ఫస్టు షిఫ్టు నుంచి వచ్చేసరికి ఆయన చొక్కా కాలిన ఇనుము వాసన వేసేది. జేబులో ఈల. స్నానం చేసి, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని తిని, బైబిలు ఒక పేజీ చదివి పడుకునేవాడు. ఆదివారం అమ్మ ఊరి నుంచి తెచ్చిన ఎండుచేపలు కాలిస్తే, పక్క క్వార్టరు సాహు ఆంటీ కిటికీలు మూసుకునేది. వాళ్లింట్లో ఆవనూనె కాగితే మేము మూసుకునేవాళ్లం. చెల్లుకు చెల్లు.

నా స్కూలు చదువు చివరికొచ్చేసరికి, అప్పుడప్పుడే మా రాష్ట్రం కొత్తగా ఏర్పడింది. కొత్త కాపురానికి పెరుగుకుండ నుంచి చీపురుకట్ట దాకా అన్నీ కొనుక్కోవాల్సి వచ్చినట్టు, కొత్త రాష్ట్రానికి జట్లన్నీ మొదటినుంచీ కట్టుకోవాల్సి వచ్చింది. కబడ్డీకి అమ్మాయిలున్నారు, హాకీకి ఉన్నారు. రోడ్డు సైకిలు పందేలకి మాత్రం లేరు. నేను ప్రతిరోజూ స్కూలుకి అబ్బాయిల్ని దాటుకుంటూ తొక్కేదాన్ని కాబట్టి మా పీటీ సార్ కన్ను నామీద పడింది. "చదును మీద అందరూ తొక్కుతారు రూతూ, ఘాటీ ఎక్కేవాళ్లు కావాలి," అన్నాడాయన. వంపు హ్యాండిలున్న గేర్ల సైకిలొకటి స్టేడియంలో ఉండేది, అది నా చేతికిచ్చాడు. ఘాటీ అంటే ఏమిటో నాకు తెలియదు. రైలుపెట్టెలోంచి కొండల్ని చూశాను గానీ, మా ఊళ్లో నాకు తెలిసిన ఎత్తల్లా రైలుపట్టాల మీద కట్టిన ఓవర్‌బ్రిడ్జి ఒక్కటే. ఆ ఓవర్‌బ్రిడ్జినే నా కొండ చేసుకున్నాను. పొద్దున్నే ముప్ఫైసార్లు, సాయంత్రం ఇరవైసార్లు. కింద నుంచి ఊపిరి బిగబట్టి పరుగులా తొక్కడం, పైకి చేరగానే కాళ్లు వదిలేసి జారిపోవడం. పాన్ డబ్బావాడు లెక్కపెట్టేవాడు. నాలాంటి మొనగత్తె దేశంలో లేదనుకున్నాను.

జట్టు ఎంపికకని పీటీ సార్ మమ్మల్ని నలుగురు అమ్మాయిల్ని మెటడోర్ వ్యాన్లో కేశ్‌కాల్ తీసుకొచ్చాడు. ఓవర్‌బ్రిడ్జి ఎక్కినట్టే మొదటి మలుపు ఎక్కేశాను, ఒక్క ఊపులో. తర్వాత నా కాళ్లు తమకి అలవాటైన పల్లం కోసం చూశాయి. రాలేదు. రెండో మలుపు, మళ్లీ ఎత్తే. మూడోది, ఎత్తే. పన్నెండు మలుపులున్నాయని విన్నాను గానీ, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య పల్లం ఉండదని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. భిలాయివాళ్లకి మాత్రమే వచ్చే తెలివి అది. నాలుగో మలుపులో కళ్ల ముందు నల్లచుక్కలు తిరిగాయి. కాలు కింద పెట్టేశాను. కాసేపయ్యాక మళ్లీ ఎక్కబోయాను గానీ, ఎత్తులో ఆగిన సైకిలు మళ్లీ కదలదు. మిగతా దారంతా తోసుకుంటూ నడిచాను. జగ్దల్‌పూర్ నుంచి వచ్చిన ఒక సన్నటి అమ్మాయి నన్ను దాటుకుని, నా వైపైనా చూడకుండా, రొట్టెలు చేస్తున్నంత తీరిగ్గా ఎక్కిపోయింది. ఇంటికొచ్చి ఏడవలేదు. కోపమొచ్చింది, అది చాలారోజులుంది.

సార్ ఇంకొక అవకాశమిస్తానన్నాడు. పాసైనవాళ్లు జట్టు క్యాంపుకి వేరే రాష్ట్రంలో రెండు నెలలుండాలి, తండ్రి సంతకం కావాలి. అదే నెలల్లో నేను నర్సింగులో చేరాలి. అమ్మ దరఖాస్తు పెట్టేసి, తెల్లబట్టలు కుట్టించడానికి దర్జీ దగ్గరికి కూడా వెళ్లొచ్చింది. "సైకిలు తొక్కితే ఎవులు కూడెడతారే నీకు? ఆడగుంటవి, కొండలెక్కడమేటి?" అంది. నాన్న భోజనం చేస్తూ అంతా విన్నాడు. "ఒక్క నిమిషం కాలు పెట్టాను నాన్నా, అంతే," అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, కుర్చీ చప్పుడవకుండా జరుపుకుని కూర్చున్నాడు. "గాల్లో ఎత్తిన బరువుని మజ్జిలో దించుతారేటమ్మా? ఎత్తకపోతే ఎత్తకు, తప్పునేదు. ఎత్తితే మాత్రం సేర్సాల. కాలు కింద ఎట్టకుండా ఆ ఘాటీ ఎక్కు, నాను సంతకం ఎడతాను. ఎట్టినావో, మీ యమ్మ సెప్పినట్టు నర్సింగుకి ఎల్లిపో. మల్లీ సైకిలు మాట ఈ ఇంట్లో నేదు." అమ్మకి అది సబబుగానే తోచింది, నేను ఎక్కలేనని ఆవిడకి గట్టి నమ్మకం.

ఓవర్‌బ్రిడ్జితో లాభం లేదని నాన్నే తేల్చాడు. ఒక సాయంత్రం వచ్చి నేను తొక్కుతుంటే చూసి, "ఇది ఎక్కడం కాదు, ఉయ్యాల," అన్నాడు. మరి కొండెక్కడ? ఎండాకాలం మొదలైంది. పడమటి నుంచి లూ, అదే వడగాలి, వీస్తోంది. గాలికి పల్లముండదని ఆయనే అన్నాడు. రిసాలీ నుంచి పెద్దరోడ్డు మీద కుమ్హారీ అనే ఊరి దాకా వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు ఆ గాలికి ఎదురు తొక్కమన్నాడు. స్టేడియం సైకిలు కాదు, తన నల్లది. డ్యూటీకి ఆయన తోటివాళ్ల స్కూటరు వెనక కూర్చుని వెళ్లడం మొదలెట్టాడు. నాలుగు రోజులు ఊరికే వెళ్లొచ్చాను. అయిదోరోజు మా ఎదురు క్వార్టరు అప్పలనర్సమ్మ పెద్దమ్మ, శ్రీకాకుళం నుంచి ముప్ఫైయేళ్ల కిందట వచ్చి ఇంకా ఎవరికీ లొంగని మనిషి, గుమ్మంలో నిలబడి అడ్డగించింది. "ఓలె రూతూ, ఊరికే తిరగతన్నావు గదా, నా గోదుమలట్టుకెల్లు. కుమ్హారీలో వర్మ సక్కీ రాతి సక్కీ. ఈ ఇనప సక్కీ పిండి రొట్టెలు తోలులాగుంతన్నాయి." పది కిలోల సంచి క్యారియర్ మీద పెట్టేసింది. అడగడం కూడా లేదు.

అలా మొదలైంది. రాతి చక్కీలో, అంటే రాతి మరలో, పట్టిన పిండి మెత్తగా ఉందని వీధంతా పాకింది. తెలుగువాళ్లం మేము భిలాయికి వచ్చాకే రొట్టెలు నేర్చుకున్నాం. కొత్తగా మతం పుచ్చుకున్నవాళ్లకే పట్టింపులెక్కువన్నట్టు, పిండి విషయంలో మావాళ్లకి సాహు ఆంటీ కన్నా ఎక్కువ పట్టింపు. వారానికి మూడుసార్లు, ముప్ఫై కిలోలు, అయిదిళ్ల గోధుమలు. కడిగి, పాత చీరల మీద ఆరబెట్టి, సంచుల మీద పేర్లు రాసిచ్చేవారు. వర్మ చాచా ఒక్కొక్కరిది విడిగా పట్టేవాడు. వేడి పిండి సంచి వీపుకి ఆనుకుని కూర్చునేది, నడినెత్తిన ఎండ, ఎదురుగా గాలి. లారీవాళ్లు హారన్లు కొట్టి నవ్వేవారు. నవ్వనీ అనుకునేదాన్ని. మొదటిరోజుల్లో దారిలో చరోదా దాటాక అలసిపోయి ఒకసారి కాలు కింద పెట్టాను. అంతే, వెనక బరువు ఒక పక్కకి లాగింది, సైకిలు పడింది, రెండు సంచులు పిగిలి పెద్దమ్మ పిండీ సాహు ఆంటీ పిండీ రోడ్డు మీద కలిసిపోయాయి. పైపైన తీసి, ఒక సంచీలో ఎత్తుకొచ్చి, సగం సగం పంచాను. పెద్దమ్మ చెయ్యి పెట్టి చూసి, "ఇది నా పిండి కాదు," అంది. సాహు ఆంటీ కూడా అదే మాట హిందీలో అంది. పదిహేను రోజులు ఇద్దరూ నాతో మాట్లాడలేదు, గోధుమలు మాత్రం పంపారు.

ఆ రోజుతో నాకు అసలు సంగతి ఒంటబట్టింది. బరువుతో పరుగెత్తలేం, ఆగలేం. మిగిలింది ఒకటే, తొక్కుతూ ఉండటం. ఊపిరి అందేంత నెమ్మదిగా, సైకిలు ఒరగనంత వేగంగా, ఆ రెంటి మధ్యా సన్నటి దారి ఒకటుంది. నెలన్నర పోయేసరికి అది దొరికింది. కుమ్హారీలో ఎక్కితే రిసాలీలో మా గుమ్మం ముందే దిగడం. ఇంకో వింత కూడా జరిగింది. వీధి ఆడవాళ్లంతా అమ్మని అడగడం మొదలెట్టారు, "రూతు ఎప్పుడెల్తాదమ్మా? మా గోదుమలు ముందెట్టు." ఎవరివి ఎప్పుడో, ఏ సంచి కింద, ఏది పైన అన్నీ అమ్మే చూసుకునేది. క్యారియర్ మీద జారకుండా పాత దుప్పటితో ఒక పట్టా కుట్టింది. ఎవరో నర్సింగు మాటెత్తితే పెద్దమ్మ చటుక్కున, "అదెల్లిపోతే మరి పిండెవులు తెస్తారు?" అంది. ఆ రాత్రి అమ్మ నా కాళ్లకి ఆముదం రాసింది.

రెండోసారి సార్ రాలేదు, మీ నాన్న మాట చాలన్నాడు, నాన్నే తీసుకెళ్లాడు. సెలవు పెట్టాడు. బస్సు మీద రెండు సైకిళ్లు వేశాం, స్టేడియందీ, ఆయన నల్లదీ. "నువ్వు తొక్కుకెల్లు. నాను తోసుకుంటా నడిసొస్తాను, దిగినప్పుడు ఇద్దరం తొక్కుదాం," అన్నాడు. ఘాటీ మొదట్లో బస్సు దిగి, అమ్మ కట్టిచ్చిన కుమ్హారీ పిండి రొట్టెలు చెరి రెండూ తిన్నాం. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు, పైకి వినబడలేదు. ఎక్కాను. మొదటి మలుపు చాలా నెమ్మదిగా, నాకే సిగ్గేసేంత నెమ్మదిగా. వెనక ముప్ఫై కిలోలున్నాయి అనుకున్నాను. నాలుగో మలుపు వచ్చింది, అక్కడి పిట్టగోడని చూసి పళ్లు కొరికాను, దాటింది. అయిదు, ఆరు, ఏడు. నాన్న వెనక ఎక్కడో వంపుల్లో ఉండిపోయాడు. కాళ్లు మండుతున్నాయి గానీ చెప్పిన మాట వింటున్నాయి.

ఎనిమిదో మలుపులో దారి మూసుకుపోయింది. ఘాటీలో అమ్మవారి గుడి దగ్గర డ్రైవర్లు ఆగి కొబ్బరికాయ కొట్టడం ఆచారం. ఆగిన లారీని ఇంకోటి దాటబోయి, ఎదురొచ్చినదానికి అడ్డం పడింది. గోడకీ లారీకీ మధ్య సైకిలు హ్యాండిలు పట్టే సందు కూడా లేదు. ఆగితే కాలు పెట్టాలి. పెడితే నా కథ అక్కడితో సరి. హ్యాండిలు తిప్పేశాను. చివరి లారీ వెనకున్న ఆ కాస్త చోటులో గానుగెద్దులా గుండ్రంగా తిరగడం మొదలెట్టాను. పల్లం వైపు బ్రేకు, ఎత్తు వైపు తొక్కుడు. క్లీనర్లు దిగి చూశారు. ఒకాయన ఆగమన్నాడు, ఇంకొకాయన పిచ్చిదన్నాడు. ఎన్ని చుట్లు తిరిగానో తెలియదు, తల తిరుగుతోంది. ఏడుపొచ్చింది, ఏడుస్తూనే తిరిగాను.

అప్పుడు నాన్న వచ్చాడు, సైకిలు తోసుకుంటూ, చొక్కా మొత్తం తడిసిపోయి. నన్ను చూశాడు. దారిని చూశాడు. నల్ల సైకిలుకి స్టాండు వేశాడు, అంత తొందరలోనూ. జేబులోంచి ఈల తీసి ఊదాడు. ప్లాంటులో క్రేను చప్పుడు మీదుగా వినబడాల్సిన ఈల అది, ఘాటీ మొత్తం వినబడింది. లారీల మధ్యలోకి వెళ్లి, రెండు చేతులూ ఎత్తి ఒకణ్ని ఆపాడు, అరచెయ్యి ఆడిస్తూ ఇంకొకణ్ని వెనక్కి రమ్మన్నాడు. అడ్డం పడ్డ లారీ డ్రైవరు తల బయటపెట్టి, ఎందుకని గదమాయించాడు. "భయ్యా, థోడా పీఛే లో. బచ్చీ కా పాఁవ్ నీచే నహీఁ లగ్‌నా చాహియే," అన్నాడు నాన్న. కాస్త వెనక్కి తియ్యమని, పిల్ల కాలు నేల తాకకూడదని. డ్రైవరు నా వైపు చూశాడు, చెంపల మీద నీళ్లతో తిరుగుతున్నదాన్ని. గొంతు మారిపోయింది. "మన్నత్ హై క్యా?" అన్నాడు. మొక్కా అని.

మా నాన్న చర్చి పెద్ద. దేవుడికి కూడా షరతులు పెట్టి మొక్కుకోకూడదనే మనిషి. నా ఎరికలో ఆయన ఆడిన అబద్ధం లేదు. నేను సగం చుట్టు తిరిగేంత సేపు ఆయన నా చక్రాల వైపే చూశాడు. తర్వాత, "హాఁ. మన్నత్ హై," అన్నాడు. ఇక చూడాలి! తిట్టినవాళ్లే ఒకరినొకరు కేకలేసుకుని, చక్రాల కింద రాళ్లు పెట్టి, అంగుళం అంగుళం లారీలు జరిపారు. నాన్న ఈల ఊదుతున్నాడు, ఆయన చెయ్యి ఎటంటే అటు అన్ని టన్నులూ కదులుతున్నాయి. ఆయన పని చేస్తుండగా నేను చూడటం అదే మొదటిసారి, అదే చివరిసారి. గోడ పక్కన మూరెడు సందు దొరికింది. "ఎల్లు!" అన్నాడు. వెళ్లాను. ఎవరో జై మాతా అన్నారు. ఒక ముసలి డ్రైవరు నాకు దండం పెట్టాడు.

చింటూకి ఇదంతా చెబుతుంటే వాడు ఫోను తీసి, ఈ ఘాటీ ఎంత ఎత్తో, ఎంత వాలో చూపించాడు. ఇప్పుడు భిలాయిలో పెద్దరోడ్డు పొడుగునా ఫ్లైఓవర్లే, ఆదివారం పొద్దున్న హెల్మెట్లు పెట్టుకున్న పిల్లలు గుంపులుగా తొక్కుతున్నారు, అందులో ఆడపిల్లలూ చాలామందే. సంతోషమే. నాకప్పుడు గేర్లు మార్చడం నేర్పినవాళ్లే లేరు. పిండి పాకెట్లలో వస్తోంది, ఎవరి పిండి ఎవరిదో తగువు లేదు. పెద్దమ్మ లేదు. నాన్న పోయి మూడేళ్లయింది, ఈల అమ్మ దగ్గరుంది. అప్పుడే బాగుండేదని అననుగాక అనను, ఆ ఎండలో ఆ బరువు ఇంకొక పిల్లని మొయ్యమని చెప్పను. నేనేమీ గొప్పదాన్ని కాలేదు కూడా. రెండేళ్లు రాష్ట్రం జట్టులో తొక్కాను, ఒక్క పతకం రాలేదు, ఎక్కువసార్లు చివరి నుంచి రెండోదాన్ని. ఏడాది ఆలస్యంగా నర్సింగులో చేరాను, అదే కూడు పెట్టింది. కానీ ఆస్పత్రిలో ఎన్ని కష్టమైన డ్యూటీలొచ్చినా మధ్యలో దించలేదు. అది మాత్రం ఈ రోడ్డు మీద నేర్చుకున్నదే.

ఆ రోజు పన్నెండో మలుపు దాటాక నేల చదునైంది. ఎక్కేశాను. ఎవరూ లేరు, ఒక టీకొట్టు, దాని ముందు రెండు కుక్కలు. అప్పుడు గుర్తొచ్చింది, నాన్న చూడలేదని. ఎనిమిది నుంచి పన్నెండు దాకా కాలు పెట్టానో లేదో సాక్షి లేడు. అందుకని దిగలేదు. టీకొట్టు ముందు చుట్లు మొదలెట్టాను. కొట్టాయన టీ తాగమన్నాడు, తల అడ్డంగా ఊపాను. అరగంట అయిందో, ముప్పావుగంటో. కాళ్లు నావి కావు. చివరికి మలుపులో నల్ల సైకిలు హ్యాండిలు కనబడింది, దాని వెనక ముందుకి వంగిన నాన్న.

"ఇంకా తిరగతన్నావేటి? దిగు," అన్నాడు దూరం నుంచే.

"నువ్వు సూడాల కదా. సూడకపోతే ఎలాగ?"

ఆయన నిలబడిపోయాడు. హ్యాండిలు మీదికి వంగి ఊపిరి తీసుకున్నాడు. "ఆ లారీవోడికి సెప్పింది అబద్దం కాదమ్మా," అన్నాడు. "కింద బస్సు దిగినప్పుడే మొక్కుకున్నాను. దిగు తల్లీ."

దిగుదామనుకున్నాను. కాళ్లు వినలేదు, సైకిలు ఒక పక్కకి ఒరిగిపోతోంది. నాన్న తన హ్యాండిలు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. వెనక నల్ల సైకిలు రోడ్డు మీద పెద్ద చప్పుడుతో పడింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. నా సైకిల్ని రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా ఒక పక్కకి వంచి, నన్ను దించాడు.